గోగునార తాడుతో కొలిచిన దారి

మా ఊరి కమిటీలో అయిదుగురం ఉండేవాళ్లం. జీతం లేదు, కూర్చోవడానికి గది కూడా లేదు. పంచాయతీ ఆఫీసు వరండాలో ముగ్గురం బల్ల మీద, ఇద్దరం గడప మీద సర్దుకుని ఊరి అవసరాలు మాట్లాడుకునేవాళ్లం. నన్ను అందులో వేసుకున్నది లెక్కల కోసం. నేను ఏడో తరగతి దాటలేదు. తునికాకు కల్లంలో యాభై ఆకుల కట్టలు లెక్కబెట్టే పనిలో ఉండగా, ఆరబెట్టిన వరసలను గుణిస్తే ఒక్కో కట్టనూ తాకకుండానే మొత్తం తేలుతుందని నాకు నేనే కనిపెట్టుకున్నాను. ఆ తర్వాత చేతికి దొరికిన లెక్కల పుస్తకమల్లా చదివాను. ‘ఇంచుమించు’ అనే మాట నాకిప్పటికీ నచ్చదు. ఆ రోజుల్లో అసలు పడేది కాదు.

వాగు అవతలి కోయగూడెం తరఫున కమిటీలో ఒకామె ఉండేది. అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. మీటింగు ఉన్న రోజు ఆమెకు కూలి పోయేది. అయినా అందరికంటే ముందు వచ్చేది ఆమే. ఆమె అడిగేది ఎప్పుడూ ఒకటే: వానాకాలంలో కంట్రోలు బియ్యం గూడెంలోనే పంచాలి. అవి ఇచ్చే డిపో మా ఊళ్లో ఉండేది. అంతకు ముందటేడు శ్రావణంలో ఆమె కోడలు బియ్యం మూట నెత్తిన పెట్టుకుని తిరిగి వెళ్తుంటే నడివాగులో నీళ్లు పెరిగాయి. మూట వదిలేసి బండను పట్టుకుంది కాబట్టి బతికింది.

“బియ్యం పోతె పోయినయ్, గటక తాగి ఎల్లదీసినం,” అంది అక్క. “మల్లేడు మనిషి పోతది. అప్పుడు ఏం రాస్తవ్ తమ్మీ నీ పుస్తకంల?”

మండలాఫీసు నుంచి సప్లై ఆఫీసరు వచ్చినప్పుడు ఆమె ఇదే అడిగింది. ఆయన మంచి మనిషి. నిబంధన చెప్పాడు. డిపోకి గూడెం అయిదు కిలోమీటర్లు దాటి ఉంటేనే అక్కడ పంచడానికి రాయగలడు. కాగితాల్లో మాత్రం నాలుగున్నర అని ఉంది.

“ఎవరు కొలిసిండ్రు సారూ?”

“ఎవరూ కొలవలేదమ్మా. అంచనా.”

ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. మేమే కొలిచి పంపుతామని అక్కడికక్కడే అనేశాను.

గోగునారతో కొత్త తాడు పేనించాను. బట్టల కొట్టులోని మీటరు బద్ద అడిగి తెచ్చి, వరండాలో తాడును సాగదీసి, సరిగ్గా ఇరవై అయిదు మీటర్ల దగ్గర ముడి వేశాను. అనుమానం తీరక మూడుసార్లు కొలిచాను. మరునాడు పొద్దున్నే డిపో ముందు నుంచి ముగ్గురం బయలుదేరాం. అక్క ముందు నడిచి దారి చూపేది. తాడు ముందు కొస మా కమిటీలోని ఇంకొకాయన పట్టుకున్నాడు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరై మా ఊళ్లో ఇల్లు కట్టుకున్న మనిషి. అందరికీ అన్న. వెనక కొస నాది. తాడు వేసినప్పుడల్లా ఒక చింతపిక్క జేబులో వేసుకునేవాణ్ణి.

రాత్రి వాన పడింది. కాలిబాట పొడవునా గడ్డి తడిగా ఉంది. వాగులో నీళ్లు మాత్రం ఇంకా మోకాలి లోతే.

“బాయిల బొగ్గు కొలిసిన గని, గిట్ల అడివిని కొలుసుడు ఇదే మొదలు,” అన్నాడు అన్న.

“జల్దీ నడువన్నా, నీ ముచ్చట్లకు ఈయన పిక్కలు తప్పుతయ్,” అంది అక్క.

పిక్కలు తప్పలేదు. గూడెం మొదటి ఇంటి దగ్గర జేబు గుమ్మరించి లెక్కపెడితే రెండు వందల ఆరు. అంటే అయిదు వేల నూట యాభై మీటర్లు. అక్క ఆ అంకెను రెండుసార్లు నాతో చెప్పించుకుంది. అదే సాయంత్రం కాగితం రాసి ముగ్గురం సంతకాలు పెట్టాం. అక్కది వేలిముద్ర.

పది రోజులకు వానలు కాస్త తెరిపిచ్చాయి. ఆఫీసరు ఇద్దరు మనుషుల్ని, సర్వే గొలుసును వెంటబెట్టుకుని వచ్చాడు. అదే బాట, అదే మొదటి ఇల్లు. గొలుసు చెప్పింది నాలుగు వేల ఎనిమిది వందల నలభై. అయిదుకు నూట అరవై మీటర్లు తక్కువ.

ఆయన కోప్పడలేదు. “మీ మీద నమ్మకంతో పైకి రాయబోయాను. మీరు కూడా పెంచి రాస్తే ఎట్లాగండీ?” అని మాత్రం అన్నాడు. గూడెం ఆడవాళ్లందరూ అక్కడే నిలబడి ఉన్నారు. నేను తలెత్తలేదు. పిక్కలు సరిపోయాయి, ముడి కదల్లేదు, గుణకారం తప్పలేదు. మరి మూడు వందల పది మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆయన వెళ్లాక అక్క నన్ను తన ఇంటికి తీసుకుపోయి మంచం మీద కూర్చోమంది. కూర్చుంటే చెక్క మీద కూర్చున్నట్టు ఉంది.

“గట్టిగున్నదా?”

“అవ్.”

“చూరు కారి మొన్న తడిసింది. తడిస్తె నులక బిగుస్తది గదా తమ్మీ. నీ తాడు మొత్తం గడ్డిల ఈడ్సుకొస్తివి.”

నులక మంచాల మీద పుట్టి పెరిగినవాణ్ణి నేను. ఎండలో సాగిన నులక మీద నీళ్లు చల్లి బిగించడం చిన్నప్పటి నుంచీ చేసిన పనే. ఆ తాడు వేరు, ఈ తాడు వేరు అనుకున్నాను కాబోలు. ఇంటికొచ్చి తాడును నీళ్లలో నానబెట్టి కొలిచాను. ముడి దాకా ఇరవై మూడున్నర మీటర్లు. దాన్ని రెండు వందల ఆరుతో గుణిస్తే నాలుగు వేల ఎనిమిది వందల నలభై ఒకటి. గొలుసుకూ నాకూ తేడా ఒక్క మీటరు.

మరునాడు వరండాలో చెప్పాను, తప్పు మాదేనని రాసి పంపుదామని.

అన్న ఒప్పుకోలేదు. “ఎవడన్న తన మీదికి తనే రాసుకుంటడా? గొలుసు పాతది, లింకులు అరిగినయ్ అని రాయి. పోయి చూస్తరా ఏంది?”

“ఇప్పుడు అబద్ధం రాస్తే, రేపు నిజం రాసినా గట్లనే చూస్తరన్నా,” అన్నాను.

అక్క గడప మీద నుంచి లేవకుండానే అంది. “తప్పు రాయి తమ్మీ. దాని కింద ఇంకోటి గూడ రాయి. ఆ సారు కొలిసిన తోవల వానకాలం మేం రాం. వాగు నిండితె పైకి పోయి, కల్వర్టు మీద దాటి, గుట్ట సుట్టు తిరిగి వస్తం. ఓపిక లేనోళ్లే వాగుల దిగుతరు. నా కోడలు గట్లనే దిగింది.”

ఇన్నేళ్లు లెక్కలు చేసిన నాకు ఆ మాట తట్టలేదు. ఒక గూడేనికి రెండు దూరాలు ఉంటాయి. మేము కొలిచింది ఎండాకాలపు దూరం.

ఈసారి తాడు జోలికి పోలేదు. కంచె వేయగా మిగిలిన ఇనుప తీగను ఇరవై అయిదు మీటర్లకు తెంపాను. ఎండలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి కొలిచాను. మళ్లీ వానలు పట్టాయి. వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతున్న రోజు చూసి బయలుదేరాం. నా చెప్పులు బురదలో ఉండిపోయాయి. అన్న బాయి బూట్లు నీళ్లు నిండి రాళ్లంత బరువయ్యాయి.

“ఇగ చాలు, మిగిలింది అందాజగ రాసుకో,” అన్నాడు గుట్ట మలుపులో చతికిలబడి.

అక్క ఆయన చేతిలోంచి తీగ కొస లాక్కుంది. “నువ్ కూసో అన్నా. బియ్యం మూట లేకుంటనే గింత అలిస్తివి!”

అన్న లేచాడు. నవ్వుతూ తిట్టుకుంటూ చివరిదాకా వచ్చాడు. పిక్కలు రెండు వందల డెబ్బై ఎనిమిది. ఆరు వేల తొమ్మిది వందల యాభై మీటర్లు.

కాగితం మీద ముందు మా తప్పు రాశాను. తాడు పొడిగా ఎంత, తడిగా ఎంత, దాంతో ఎంత పెరిగింది. దాని కింద వాగు దాటే బాట ఒక అంకె, వాన బాట ఒక అంకె, ఏ నెలల్లో ఏ బాట నడుస్తారో అంతా రాశాను. తపాలాలో వేయకుండా ముగ్గురం వెళ్లి చేతికిచ్చాం. ఆఫీసరు నిలబడే చదివాడు. తాడు సంగతి దగ్గర ఆగి, “మా ఇంట్లోనూ నులక మంచమే,” అన్నాడు. ఆ వారంలోనే గొలుసుతో వచ్చి, వానలో తడుస్తూ కల్వర్టు మీదుగా గూడెం దాకా నడిచాడు.

ఆర్డరు వచ్చింది. ఏడాది పొడవునా కాదు, వానాకాలం నాలుగు నెలలకే.

“మిగతా ఎనిమిది నెలలు?” అన్నాడు అన్న.

“ఆ నెలల వాగు మోకాలు దాటదు. మాకు కాళ్లు లేవా ఏంది?” అంది అక్క.

మొదటి విడత బియ్యం కల్వర్టు బాటలో ట్రాక్టరు మీద వచ్చాయి. గూడెంలో తూకం వేయడానికి నన్ను రమ్మన్నారు. డ్రైవరు దిగుతూనే గొణగడం మొదలుపెట్టాడు. గుంటల్లో నడుము విరిగిందట, గూడెం దగ్గరే అని చెప్పి పంపారట.

“ఏడు కిలోమీటర్లు ఉంటది ఇది!” అన్నాడు.

అక్క సంచీ పట్టుకుని వరసలో మొదట నిలబడి ఉంది. వెనక ఆమె కోడలు.

“లేదు బిడ్డా,” అంది అక్క. “యాభై మీటర్లు తక్కువ.”