వాకిట్లో చెప్పులు పేర్చిన టీచరమ్మ

టీచరమ్మ పోయింది. మొన్న పొద్దున పాలకని వెళ్తే దుకాణంలో చెప్పారు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. మా బస్తీ బాబుపేట్‌లో ఇంకా ఎన్ని నోళ్లు మూయించాల్సి ఉంది, అప్పుడే పోతే ఎలా? మీకు ఆమె తెలియదు. అందుకే రాస్తున్నాను.

మాకు రెండిళ్ల అవతల ఉండేది. ఇక్కడ చదువంతా మరాఠీలోనే కాబట్టి కాలేజీలో జీవశాస్త్రం మరాఠీలో చెప్పేది, మాతో మాత్రం తెలుగే. గొంతు పెద్దది. కూరగాయల బండివాడితో మాట్లాడినా చివర "సమజైందా?" అని అడగాల్సిందే.

నా బిడ్డ పుట్టినప్పుడు డాక్టరు డౌన్ సిండ్రోమ్ అన్నాడు. పురుడు రోజు మా అత్త చుట్టాలందరి ముందు, "కడుపుతోని ఉండి గ్రహణంల బయట తిరిగింది, గందుకే గిట్ల పుట్టింది" అంది. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

చుట్టాల మధ్య కూర్చున్న టీచరమ్మ దిగ్గున లేచింది. గుమ్మం ముందున్న చుట్టాల చెప్పులన్నీ తెచ్చి వాకిట్లో జతలు జతలుగా పేర్చింది.

"సూడుండ్రి. అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు గిట్లనే జతలుగ నడుమ నిలవడ్తయ్. సన్నటి దారాలు రెండు దిక్కులా గుంజుతయ్. ఒకటి ఇటు, ఒకటి అటు." చెప్పుల్ని చేత్తోనే రెండు పక్కలకూ లాగింది. ఒక జతను మాత్రం కలిపే నెట్టింది. "గీ జత విడువలే. రెండూ ఒక్క దిక్కే పోయినయ్. తండ్రిది ఇంకోటి కలిసి మూడైనయ్. గంతే! నీ కోడలు తన తల్లి కడుపుల ఉన్నప్పుడే మొదలైతది గీ పని, అక్కా. గప్పుడు ఏ గ్రహణంల తిరిగింది? సమజైందా?"

అత్తకు సమజ్ కాలేదు గానీ నోరు మూసింది. చుట్టాలు చెప్పులు వెతుక్కునే పనిలో పడ్డారు. ఆ తర్వాత నా బిడ్డ సగం టీచరమ్మ ఇంట్లోనే పెరిగింది.

మొన్న ఆమె నోట్లో తులసి నీళ్లు పోయడానికి నా బిడ్డ ముందుకు వెళ్తే, టీచరమ్మ వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"గీ పిల్లనెందుకు తెచ్చినవ్? మంచిగుండదు, పక్కకు తీస్కపో."

నాకు ఒళ్లు మండిపోయింది. శవం ముందు అరవకూడదని తెలుసు. అరిచాను.

"మీరందరు గియ్యాల వచ్చిన్రు. నా బిడ్డ రోజూ వచ్చింది. జరుగు!"

జరిగింది.

నా బిడ్డ ఎవరి వైపూ చూడలేదు. కింద కూర్చుని, టీచరమ్మ తల కింద ఎడమ చెయ్యి పెట్టి కొంచెం ఎత్తి, చెంచాతో నీళ్లు పోసింది. పెదవి పక్కన జారిన చుక్కను చున్నీ కొసతో తుడిచింది. అయిపోయింది, లే అని ఎవరో అన్నారు. అది మాత్రం చెయ్యి తియ్యలేదు. ఆ తలను అలాగే పట్టుకుని కూర్చుంది.