అన్నం ముద్ద అంటించని డోలు

బున్‌తన్ డోలు మోగకుండా మా ఊళ్లో ఏ కుర్రవాడూ కాషాయం కట్టలేదు. సన్యాసదీక్షకైనా, వానల ముందర బాణసంచా పండుగకైనా, విహారానికి వస్త్రదానం మోసుకుపోయే ఫాపా ఊరేగింపుకైనా ముందు అతని పొడుగు డోలు నడిచేది, దాని వెనక జనం నడిచేవారు. అతను వరి పండించి బతికాడు, గేదెలను మేపాడు, భార్యను పోగొట్టుకున్నాడు. వీటిలో ఏ ఒక్కటీ అతని పేరుకు గుర్తు కాలేదు. “డోలు బున్‌తన్” అంటేనే సంతలో అతని ఇంటికి దారి చూపేవారు.

డోలు భుజాన వేసుకునే ముందు అతను ఉడికిన జిగురన్నాన్ని బూడిదతో కలిపి మెదిపి చర్మం నడుమ ముద్దగా అంటించేవాడు. ముద్ద పెరిగితే డోలు గొంతు బరువెక్కుతుంది, తరిగితే పలచబడుతుంది. ఆ అన్నం మెదిపే పని ఒకప్పుడు అతని కూతురు విలావన్‌ది. తరువాత మనవరాలు ఫుత్సాది అయింది. ఫుత్సాకు తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ. జిగురన్నం చేతికిస్తే పొద్దంతా వేళ్ల మధ్య సాగదీస్తూ కూర్చుంటుంది. అయితే తాత ముద్ద అంటించి వేలితో ఒక్కసారి తట్టి చూశాడా, చెవులు మూసుకుని పెరటి గోడ దాకా పరుగెత్తుతుంది. “అలవాటవుతుందిలే” అనేవాడు బున్‌తన్. డోలు చప్పుడుకు ఏడ్చే మనిషి ఒకరుంటారని అతను ఊహించలేదు. ఊరిలో ఎవరూ ఊహించలేదు.

విహారం వెనక, శవపేటిక అలంకరణ సామాను పెట్టుకునే పాత సావడిని విలావన్ అడిగి తీసుకుంది. అక్కడ ఫుత్సాలాంటి పిల్లలు, ఆరు కుటుంబాలవాళ్లు, పగలంతా ఉంటారు. జిల్లా పట్నం నుంచి శిక్షణ పొందిన ఒక పంతులమ్మ వస్తుంది. ఇలాంటి పిల్లలను చేర్చుకోవడం బడి విధి అని చట్టంలో ఉంది. మా బడి మాత్రం “ఇంకా సిద్ధంగా లేము” అంటూ ఏళ్లు గడుపుతోంది. హక్కుగా రావలసింది రానప్పుడు దానిని పుణ్యం పేరిట అడుక్కోవలసి వస్తుంది. పుణ్యానికి పలికినంత తొందరగా మా ఊరు హక్కుకు పలకదు. అందుచేత పంతులమ్మ జీతానికి ఏటేటా ఒక ఫాపా తీస్తారు. అరటి బోదెకు వెదురు పుల్లలు గుచ్చి, వాటి చీలికలలో నోట్లు పెట్టి, ఆ డబ్బుచెట్టును ఇంటింటి ముందునుంచి విహారానికి తీసుకుపోతారు. విహారంలోని పెద్ద గురువుగారు దానిని స్వీకరించి సావడికి అప్పగిస్తారు. డోలు వినబడగానే జనం నోటు పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. ఎవరూ ఎవరినీ నోరు తెరిచి అడగరు. అడిగే పని డోలుది.

నిరుటి ఊరేగింపులో బున్‌తన్ ఒక పని చేశాడు. పుణ్యం ఎవరికి పోతున్నదో జనం కళ్లారా చూడాలని ఫుత్సాకు కొత్త పట్టు లంగా కట్టించి, డబ్బుచెట్టు పక్కన బండి మీద కూర్చోబెట్టాడు. బండికి ముందు ఎనిమిది డోళ్లు, తాళాలు, మైకు. నాలుగో ఇల్లు దాటకముందే పిల్ల బండి మీదనుంచి దూకింది. చెయ్యి విరిగింది. చెట్టు పక్కకు ఒరిగి నోట్లు కాలువ నీళ్లలో పడ్డాయి. దానం అందకుండానే చెట్టు పడిందంటే అశుభమని కొందరు తలుపులు వేసుకున్నారు. వచ్చిన దానితో పంతులమ్మను ఏడాది పొడవునా ఉంచలేకపోయారు.

ఈసారి విహారంలో పెద్దలు కూర్చున్నప్పుడు విలావన్ లేచి నిలబడింది.

“డోళ్లు వద్దు. మైకు వద్దు. ఈ ఏడు జీతం సరిపడా రాకపోతే సావడి మూసేస్తాను. పిల్లను తీసుకుని ఖోన్‌కేన్ పట్నం వెళ్లిపోతా. అక్కడ దాన్ని చూసుకునే చోటుంది, నాకు ఏదో ఒక ఫ్యాక్టరీలో పని దొరుకుతుంది.”

కిరాణా కొట్టు ఖంపాన్ ఊరేగింపులలో అందరికంటే ముందు నాట్యం చేసే మనిషి, దానంలోనూ ముందుండే మనిషి. ఆవిడ విసనకర్ర ఆపింది.

“డోళ్లు లేకపోతే నేను దేనికి ఆడాలే, ఈగల మోతకా?”

“ఆడొద్దత్తా, నడువు.”

“నడవడానికైతే సంతకు పోతాను. మైకులో పేరు చదవకపోతే నేనిచ్చింది మా తోటికోడలికి ఎలా తెలుస్తుంది? అది వినని పుణ్యం పుణ్యమేనా?”

అందరూ నవ్వారు. పెద్ద గురువుగారు కూడా పెదవి బిగబట్టారు. బున్‌తన్ నవ్వలేదు. కూతురు అతని వైపు చూడకుండానే మాట్లాడింది. పిల్ల చెయ్యి విరిగిన సంగతి ఆమె ఆ సభలోనే కాదు, ఏడాది పొడవునా ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఊరేగింపు రోజు పొద్దున డోళ్ల బృందమంతా అతని వాకిట్లో చేరింది. తాళాలు వేసే సీథన్ అందరి డోళ్లనూ పరికించాడు.

“మామా, అన్నం ముద్ద మరిచిపోయావ్.”

“మరిచిపోలేదురా.”

“ముద్ద లేకపోతే డోలు చచ్చిన గేదెలా పలుకుద్ది కదా?”

“ఇవాళ అసలు పలకదు. భుజాన వేసుకుని నడవండి. తాళాలు నడుముకు చెక్కుకో.”

“అయితే నా చేతులు ఏం చెయ్యాలి?”

“జేబులో పెట్టుకో. ఇంకొకడి జేబులో మాత్రం పెట్టకు.”

ఎనిమిది డోళ్లూ భుజాలకెక్కాయి. ఒక్కటీ మోగలేదు. బండి లేదు, డబ్బుచెట్టును ఇద్దరు మోశారు. ఖంపాన్ రానని చెప్పి, నాట్యానికి కట్టుకునే పట్టు లంగాతోనే వచ్చి ముందు నిలబడింది. వాళ్లు వీధిలో అడుగుపెట్టగానే నిశ్శబ్దం డోలుకంటే ముందు పోయి తలుపులు తట్టింది. డోళ్లున్నాయి, చప్పుడు లేదు. ఊళ్లో అలాంటిది ఎవరూ చూడలేదు. పొయ్యి దగ్గరి ఆడవాళ్లు గరిటెలతోనే బయటికి వచ్చారు.

“ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు” అన్నాడు బున్‌తన్.

“మరి ఈ మౌనం ఏంటి? గొడవ పడ్డారా?”

ముప్పై నలభై ఏళ్లుగా గుమ్మం గుమ్మం ముందు నిలబడిన మనిషికి ఒక గుమ్మం ముందు మాట్లాడటం తెలియదు. “పిల్లలు... చప్పుడు... జీతం” అన్నాడు. అక్కడ ఇరవై బాత్ నోటు ఒకటి పుల్లకెక్కింది. రెండో ఇంట్లో మాటలు కొంచెం కుదిరాయి. మూడో ఇంట్లో ఎవరో తాగడానికి నీళ్లిచ్చారు. కథంతా చెప్పవలసి వచ్చింది. మునుపు డోలు వినబడని వెనక సందుల్లోకి కూడా ఇప్పుడు వెళ్లారు. చప్పుడు లేనప్పుడు మనుషులే వెళ్లాలి కదా.

కాలువ ఒడ్డున ఖంపాన్ తోటికోడలు గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“పోయిన జన్మలో ఏం చేసుకుందో ఆ పిల్ల. మనమేం చెయ్యగలం అన్నా?”

ఖంపాన్ లంగా ఎగదోపుకుని ముందుకు కదలబోయింది. బున్‌తన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“పోయిన జన్మ సంగతి నాకు తెలియదమ్మా. నిరుడు దాన్ని బండెక్కించింది నేను. ఏడుస్తుందని తెలిసే ఎక్కించాను. ఆ చెయ్యి విరగడం నేను ఈ జన్మలో చేసిందే.”

చెట్టు మోస్తున్న ఇద్దరిలో ఒకరు విలావన్. ఆమె భుజం మార్చుకుంది. తోటికోడలు లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆమె చేతిలో రెండు నోట్లున్నాయి. “ఒకటి నాది. రెండోది మా ఆయనది, ఆయనకు చెప్పకండి” అంది.

“చెప్పంలే, మైకు కూడా లేదుగా” అంది ఖంపాన్.

చివరి ఇల్లు బడి ప్రధానోపాధ్యాయుడిది. ఆయన అప్పటికే గేటు దగ్గర పెద్ద నోటుతో నిలబడి ఉన్నాడు. బున్‌తన్ దాన్ని రెండు చేతులా అందుకుని, పుల్లకు పెట్టి, నమస్కరించి, కదలలేదు.

“ఇంకేమైనా కావాలా పెదనాన్నా?”

“మీ బడి ఎప్పటికి సిద్ధమవుతుంది సార్?”

“పైనుంచి టీచర్ పోస్టు రావాలి. వచ్చే ఏడు చూద్దాం.”

“సరే సార్. వచ్చే ఏడూ వస్తాను. అప్పుడూ డోలు కొట్టను, మాట్లాడతాను.”

సీథన్ ఫక్కున నవ్వి, నడుముకున్న తాళాలు గలగలమంటే రెండు చేతులా పట్టుకున్నాడు.

వాళ్లు విహారం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. భిక్షువులు భోజనం ముగించి ఎదురుచూస్తున్నారు. పెద్ద గురువుగారు చెట్టుతోపాటు తెచ్చిన వస్త్రం తీసుకుని మంత్రం మెల్లగా చదివారు. దాతల పేర్లు మైకు లేకుండా, సావడి కిటికీ దాకా మాత్రమే వినబడేటట్టు చదివారు. ఖంపాన్ పేరు రెండుసార్లు చదివారు. ఆవిడ అడిగి చదివించుకుందని కొందరు అంటారు. ఇంటికి ఇంత అని చూస్తే పాత ఏళ్లకంటే తక్కువ వచ్చింది. ఇచ్చిన ఇళ్లు మాత్రం ఎక్కువయ్యాయి. పంతులమ్మకు ఏడాది జీతం సరిపోయింది. ఖోన్‌కేన్ వెళ్లడానికని కట్టి పెట్టిన బట్టల సంచిని విలావన్ ఆ సాయంత్రమే విప్పి, బట్టలు ఉతికి ఆరేసింది. ఆ రాత్రి కూరలో తండ్రికి ఇష్టమైన చేదు ఆకులు వేసింది.

సావడి అరుగు మీద బున్‌తన్ డోలు నిలబెట్టి కూర్చుని ఉండగా ఫుత్సా వచ్చింది. చర్మం నడుమ వేలితో తడిమింది. అక్కడ ఉండవలసింది లేదు. లోపలికి వెళ్లి, తన గిన్నెలోని జిగురన్నం తెచ్చి మెదిపి, ఉండవలసిన చోట అంటించింది. బూడిద కలపడం ఎప్పుడూ తాత వంతే, ఆమె కలపలేదు. తాత చెయ్యి డోలు మీదికి పోబోయి, మోకాలి మీదికి వచ్చి ఆగింది. పిల్ల చెవులు మూసుకోలేదు. పక్కనే కూర్చుని మిగిలిన అన్నాన్ని సాగదీసుకుంటూ ఉంది.

ఆ ముద్ద ఎండి రాలిపోయేదాకా ఆ డోలును ఎవరూ ముట్టుకోలేదు. ఆ నెలలోనే సీథన్ కొడుకు కాషాయం కట్టాడు. ఆ వేడుకకు బున్‌తన్ పక్క ఊరినుంచి డోలు అరువు తెచ్చుకున్నాడు.