రంగు కింద చూసిన మనిషి

మా మెకానిక్ అన్నయ్య పోయాడు. గచ్చిబౌలి వైపు కొత్తగా వెలిసిన సర్వీస్ సెంటర్లో, జాకీ దిగిపోయి కారు మీద పడిందట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. చందానగర్ మార్కెట్లో కూరలు కొంటుంటే కబురు తెలిసింది. సంచి అక్కడే వదిలేసి వాళ్ళింటికి పరిగెత్తాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలియాల్సిన మనిషి.

మేం కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో, మాదాపూర్ గుట్టల పక్కన ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. మావారు ఒక పాత తెల్లకారు మీద మనసు పడి, బ్రోకర్నీ నన్నూ వెంటబెట్టుకుని ఆయనకు చూపించడానికి తీసుకెళ్ళారు. కారు నిగనిగలాడుతోంది. ఆయన గోనెపట్టా పరుచుకుని కిందికి దూరి, చాలాసేపు చూసి లేచాడు.

"కొనకుర్రి చెల్లె. ముందు గట్టిగ గుద్దుకున్న బండి. అతుకేసి రంగు కొట్టిన్రు. పిల్లల్ని కూసోబెట్టే బండి కాదిది."

బ్రోకర్ మొహం మాడిపోయింది. "నీకెందుకు కాకా? నీ పని నువ్వు చేస్కోరాదూ!"

"నా పని గదే కదరా" అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ.

మార్చిన పాత సామాను ఎప్పుడూ గుడ్డలో కట్టి మన చేతికే ఇచ్చేవాడు. "మార్చిన్నో లేదో మీరే చూస్కోర్రి" అనేవాడు. బండి అప్పగించేముందు కళ్ళు మూసుకుని ఇంజన్ చప్పుడు వినేవాడు. "బండి అబద్ధమాడదమ్మా, మనమే ఆడతం" అనేవాడు.

అలాంటి మనిషిని బతకనిస్తారా? బ్రోకర్లంతా ఒక్కటై ఆయన దగ్గరికి బండ్లు రానివ్వలేదు. ఈలోగా అక్కడ కంప్యూటర్ కంపెనీల గుండ్రటి మేడ లేచింది, గుట్టల ధరలకు రెక్కలొచ్చాయి, జాగా యజమాని షెడ్డు పీకించేశాడు. అన్నయ్యా, వదినా వానలో తడుస్తూ పనిముట్లు తోపుడుబండి మీద ఇంటికి తోసుకొచ్చారు.

చివరికి ఆ సర్వీస్ సెంటర్లో చేరాడు. బయటంతా అద్దాలు, లోపల ఏసీ, టై కట్టుకున్న మేనేజరు. బాగున్న బ్రేకుల్నే అరిగిపోయాయని చెప్పమంటే, "ఇంక నడుస్తయి సారూ" అని కస్టమర్‌కే చెప్పేశాడు. ఆ రోజునుంచి ఎవరికీ కనపడకుండా వెనక షెడ్డులో వేశారు.

కిందటి నెల మా ఇంటికొచ్చి, టీ తాగుతూ అన్నాడు: "జాకీ దిగుతున్నది, మార్చుర్రి అంటే వింటలేరు చెల్లె. కస్టమర్లకు కనపడేటివే మారుస్తరు."

"అయితే మానెయ్యి అన్నయ్యా."

"మానేసి యాడికి పోవాలె? నిజం చెప్పేటోనికి షెడ్డు కిరాయికిస్తరా ఎవరన్న?"



శవం దగ్గరికి మేనేజరు పెద్ద దండ పట్టుకొచ్చాడు. దండ వేసి, పక్కవాళ్ళతో, "కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది" అన్నాడు. వదిన విన్నది. లేచి, ఆ దండ తీసి అతని చేతిలోనే పెట్టింది.

"ఆయన జాగ్రత్తగనే ఉన్నడు. జాకీ మార్చమని మీకే చెప్పిండు. తీస్కపోర్రి."

మర్నాడే ఆ సర్వీస్ సెంటర్ మామూలుగా తెరుచుకుంది.

దినవారాలయ్యాక ఒకరోజు పొద్దున నేను వదిన దగ్గర కూర్చుని ఉంటే, వాకిట్లో ఒక ఎర్రకారు ఆగింది. కొత్తగా ఉద్యోగాలకొచ్చిన భార్యాభర్తల్లా ఉన్నారు. కుర్రాడు తల బయటపెట్టి అడిగాడు: "ఉన్నదున్నట్టు చెప్పే మెకానిక్ గారి ఇల్లు ఇదేనా అండీ? ఈ కారు కొనొచ్చో లేదో చూపిద్దామని."

వదిన మెల్లగా మెట్లు దిగి వెళ్ళింది. బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. లోపల ఇంజన్ ఆడుతూనే ఉంది. గాజుల్లేని ఆ చెయ్యి తీయకుండానే, ఆయనలాగే కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింది.