భవాని కాదు, ఎర్రమ్మ

తల్లాడ దాటాక రోడ్డు పక్క మిరప చేలో ఆ రోజు ముప్పై మంది కూలీలు వంగి కాయలు ఏరుతున్నారు. గట్టు మీద ఆపిన ట్రాక్టరులో గణేష్ పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు వేశాడు. పాట ఉంటే నడుం నొప్పి తెలియదని ఆ డ్రైవరు నమ్మకం. మొదటి పాట అందుకోగానే చాళ్లలో ఉన్న ఆడవాళ్లంతా గొంతు కలిపారు.

"కొండ మీది తునికి చెట్టు, కోసినాకు ఎవ్వరిదే
ఎండలోన ఎక్కినోళ్ల ఒంటి చెమటనడగరాదే"

ఎర్రమ్మ ఒక్కతే పెదవి కదపలేదు. కాయ తెంపి ఒడిలో వేసుకుంటూ ముందుకు పోతోంది. పాట అయిపోయాక పక్క చాలులో ఉన్న నాగలక్ష్మి నిట్టూర్చింది. కిందటేడే పెళ్లై ఆ ఊరు వచ్చిన పిల్ల.

"ఏం గొంతు పెద్దమ్మా! భవానీ హిట్స్ అంటే మా అమ్మకు పానం. నాట్లేసేటప్పుడు గీ పాటలే పాడేది. పాపం, చిన్న వయసులనే సచ్చిపోయిందంట."

"ఎవలు?"

"గామెనే, భవాని. పాము కరిచి పోయిందంట."

ఎర్రమ్మ నడుం ఎత్తి నిలబడింది. "ఎవలు జెప్పిండ్రు?"

"అందరికీ ఎరుకే. ఖమ్మంల క్యాసెట్ల షాపాయనే చెప్పిండంట."

"సావలే," అంది ఎర్రమ్మ. "గవి పాడింది నేనే. నా పేరు భవాని గాదు."

నాగలక్ష్మి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చాలు నుంచి చాలుకు పాకింది. "అట్లయితే నేను సినిమా హీరోయిన్‌ని!" అని గట్టు మీద నుంచి గణేష్ అరిచాడు. ఎర్రమ్మ మళ్లీ చాలులోకి వంగింది. సాయంత్రం దాకా కాయలు ఏరింది, బస్తాలో పోసింది, చేతులు కడుక్కొని మేస్త్రితో "రేపు నేను రాను" అని చెప్పింది.

కుంజా ఎర్రమ్మది భద్రాచలం అడవి అంచున ఒక కోయగూడెం. ఎండాకాలం బీడీల కోసం తునికాకు కోత, వానాకాలం సొంత ఎకరంన్నర వరి, చలికాలం నుంచి శివరాత్రి దాటేదాకా భర్త పోతయ్యతో కలిసి తల్లాడ వైపు మిరప కూలి. పాటలు తల్లి దగ్గర నేర్చింది. తల్లి పాడినట్టే పాడితే తృప్తి లేక, మాటలు మార్చి తనవి కట్టుకుంది. పంతొమ్మిదో ఏట ఒక జాతరలో ఆమె పాడుతుంటే ఖమ్మంలో క్యాసెట్ల షాపున్న షుకూర్ విన్నాడు. తండ్రిని ఒప్పించి ఇద్దరినీ ఖమ్మం తీసుకుపోయాడు. షాపు వెనక గదిలో రెండు రోజులు కూర్చోబెట్టి ఇరవై రెండు పాటలు టేపు చేశాడు.

క్యాసెట్ బయటికి వచ్చాక చూస్తే అట్ట మీద ఎవరో పట్టుచీర కట్టిన పిల్ల బొమ్మ ఉంది. కింద 'భవాని' అని రాసి ఉంది.

"ఎర్రమ్మ అంటే కూలిమనిషి పేరు లెక్క ఉంటదమ్మా. భవాని అంటే నడుస్తది," అన్నాడు షుకూర్. తునికాకు పాటలో చివరి చరణం కూడా కోసేశాడు. అందులో అడవి గార్డును ఎదిరించే మాట ఉంది. "ఫారెస్టోళ్లతోని మనకెందుకు?" అన్నాడు. ఎర్రమ్మ అప్పుడు నోరెత్తలేదు. మాట్లాడితే ఉన్న పాటలు కూడా బయటికి రావేమోనని భయపడింది.

పాటలు అడవి దాటి, వాగు దాటి, ఊరూరా తిరిగాయి. పెళ్లి పందిట్లో, కిరాయి ఆటోలో, జాతర మైకులో తన గొంతే ఎదురొచ్చేది. మొదట్లో కోపం వచ్చేది, పిల్లలు పుట్టాక అదీ పోయింది. పేరు పోతే ఊరుకుంది. ఇప్పుడు ప్రాణం కూడా తీసేశారని తెలిశాక ఊరుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున బస్సెక్కి ఖమ్మంలో దిగింది. షుకూర్ షాపు గుర్తుపట్టడానికి ఇద్దరిని అడగాల్సి వచ్చింది. క్యాసెట్ల అరలు లేవు. వాటి చోట ఫోన్ల కవర్లు, చార్జర్లు వేలాడుతున్నాయి. కౌంటరు దగ్గర షుకూర్ కూతురు లతీఫా కూర్చొని ఉంది. ఎర్రమ్మ పాటలు టేపు చేసిన నాడు ఆమె ఇంకా నడక నేర్వని పిల్ల.

"ఏం కావాలె పెద్దమ్మా?"

"భవానీ హిట్స్."

లతీఫా పెన్‌డ్రైవ్ తీసి చేతిలో పెట్టింది. "ఇరవై రెండు పాటలున్నయి. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే."

"ఇంకా ఎవలు కొంటరు బిడ్డా గివి?"

"ఎవరు కొనరో అడుగు! ఆటోలోళ్లు, ట్రాక్టరోళ్లు, మార్కెట్ యార్డు హమాలీలు. కొత్త పాటలు పది దినాలు ఇని తీసేస్తరు. గివి చెరిగిపోతే మాత్రం జల్దీ ఉరికొచ్చి మళ్ల ఏయించుకుంటరు. అమ్మ పాడేదని ఒకరు, పెండ్లప్పుడు మోగిందని ఒకరు. ఏడో పాటల నడుమ కోడి కూస్తది. శబ్దం మంచిగ లేదని ఒకసారి నేను గా కోడిని తీసేసిన. ముగ్గురొచ్చి వాపస్ ఇచ్చిండ్రు. మా కోడేదీ అని కొట్లాట!"

ఎర్రమ్మకు నవ్వు ఆగలేదు. "గది మీ ఇంటెనక కోడే. మళ్ల పాడుతనంటే మీ నాయన టేపు ఖాళీ లేదన్నడు."

లతీఫా కౌంటరు మీద చేతులు పెట్టి ముందుకు వంగింది. "నువ్వెవరు పెద్దమ్మా?"

"మీ నాయన్నడుగు."

షుకూర్ లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. షుగరు కాళ్లను పీల్చేసింది. ఎర్రమ్మను చూడగానే గుర్తుపట్టాడు, చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"నన్నెందుకు సంపినవ్ భాయ్?" అంది ఎర్రమ్మ, గుమ్మంలోనే నిలబడి.

షుకూర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "జాతరోళ్లు, పెండ్లిళ్లోళ్లు రోజూ వచ్చి భవానిని పిలిపియ్యమని సతాయించిండ్రు. నిన్ను చూపెడితే అట్ట మీద బొమ్మ ఎవరిదని అడుగుతరు. ఒకనాడు మార్కెట్ యార్డుల నలుగురు చుట్టుముడితే, పోయిందని అనేసిన. పాము సంగతి వాళ్లే కలుపుకున్నరు. మళ్ల ఆ మాట ఎనక్కి తీసుకోలేకపోయిన. మాఫ్ చెయ్యి ఎర్రమ్మా."

"మాఫీ నాకు జెప్పుడు గాదు. సచ్చిందని యాడ జెప్పినవో గాడనే బతికున్నదని జెప్పు."

"నా కాళ్లు చూస్తున్నవు గదా..."

"ఆటోల రా. దిగి, నిలబడి జెప్పు."

షుకూర్ కూతురి వైపు చూశాడు. లతీఫా తండ్రి చెప్పులు తెచ్చి మంచం పక్కన పెట్టింది. "చెప్పాల్సిందే అబ్బా," అంది.

యార్డులో వేలం అయిపోయి, బస్తాలు కాటాల దగ్గరికి చేరుతున్న వేళకు ముగ్గురూ అక్కడ దిగారు. మిరప ఘాటుకు షుకూర్‌కు దగ్గు తెర ఆగలేదు. కూతురు భుజం పట్టుకొని నిలబడి, నలుగురూ చేరాక చెప్పాడు. "భవాని అని ఎవరూ లేరు. ఆ పాటలు గీమెవి. పేరు కుంజా ఎర్రమ్మ. పేరు మార్చింది నేను, సచ్చిందని అబద్ధం చెప్పింది నేను."

హమాలీలు ఆయన్నీ, వెలిసిన చీర కట్టుకున్న ఎర్రమ్మనీ మార్చి మార్చి చూశారు. "షాపు నడుస్తలేదని కొత్త యేషమా భాయ్?" అన్నాడొకడు. ఎవరో నవ్వారు.

ఎర్రమ్మ తునికాకు పాట అందుకుంది. డప్పు లేదు, మైకు లేదు. గొంతు టేపులో ఉన్నట్టు లేదు. అప్పటి సన్నని పదును పోయి, ఎండకూ పొయ్యి పొగకూ గరుకెక్కింది. రెండు చరణాలు కాగానే ఒక పడుచు హమాలీ తల అడ్డంగా ఊపాడు. "గామె గొంతు గిట్లుండదు."

"పాతికేండ్లాయె తమ్మీ. టేపు ముసల్ది గాదు, మనిషైతది," అని, ఆగకుండా మూడో చరణంలోకి పోయింది. షుకూర్ కోసేసిన, ఏ క్యాసెట్లోనూ లేని చరణం అది.

"దారికడ్డం కర్ర పెట్టి దొర అడిగెను పేరేందని
వాగునడుగు, గుట్టనడుగు, వాటికెరుక నా పేరే"

మోతీలాల్ అనే పెద్ద హమాలీ భుజం మీది బస్తా దించి ముందుకొచ్చాడు. తిరుమలాయపాలెం దగ్గరి తండా నుంచి ముప్పై ఏళ్ల కింద వచ్చి యార్డులో చేరినవాడు. "ఆగుండ్రి," అన్నాడు. "టేపుల గక్కడ పాట తెగినట్టు ఉంటది. దరువు ఒక్క అడుగు ఎగిరిపోతది. ఇరవై ఏండ్ల సంది ఇంటున్న, ఏందో పోయిందని అనుకుంటనే ఉన్న. గిదే పోయింది." ఎర్రమ్మ ఎదుట నిలబడ్డాడు. "నువ్వు సచ్చిపోయినవని తెలిసిన్నాడు నేను బువ్వ తినలేదమ్మా. నా బిడ్డకు భవాని అని పెట్టుకున్న. ఇప్పుడేం జేయాలె?"

"గది నీ బిడ్డ పేరే అన్నా, మంచిగుంది. నాది గాదు, గంతే."

ఆ మధ్యాహ్నం హమాలీలు ఆమెను ఇంకో నాలుగు పాటలు పాడించారు. ఏ మాట ఎక్కడ సాగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆమెకంటే ముందే వాళ్లకు తెలుసు. ఒకచోట ఆమె మాట మరిచిపోతే పది మంది అందించారు. ఇన్నేళ్లూ తన పాటలు ఎవరి నోళ్లలో బతికాయో ఎర్రమ్మ మొదటిసారి దగ్గరగా చూసింది. కళ్లు తడిశాయి గానీ, మిరప ఘాటని చెప్పింది.

వారం తిరక్కుండానే హైదరాబాదు నుంచి రమణ అనే ఆయన లతీఫా షాపుకు వచ్చాడు. ఏదో ఆడియో కంపెనీ మనిషి. ఎర్రమ్మను పిలిపించి, కుర్చీ వేసి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"భవాని పేరుకు పెద్ద మార్కెట్ ఉందమ్మా. చనిపోయిన గాయని అంటే జనానికి ఇంకా ఇష్టం. మీరు కొత్తగా పది పాటలు పాడండి. భవాని పాత టేపులు దొరికాయని మేం విడుదల చేస్తాం. మీ గొంతును మిషన్‌లో కొంచెం సన్నం చేస్తే సరిపోతుంది. మీకు ఏ లోటూ రానివ్వం."

"అంటే నేను సచ్చే ఉండాలె."

"పేరుకేనమ్మా."

"నా పేరు కోసమే కూలి ఇడిసిపెట్టి ఇంత దూరమొచ్చిన," అని ఎర్రమ్మ లేచింది. "నువ్వు ఇంకో సచ్చినామెను ఎతుక్కో సారూ."

రమణ నొచ్చుకోలేదు. పోయి, ఓ కొత్త పిల్లతో అవే బాణీలు పాడించి 'భవాని' పేరుతోనే విడుదల చేశాడు. పట్నంలో అవి ఇప్పటికీ మోగుతున్నాయి.

లతీఫా మాత్రం తన పని తాను చేసింది. ఇరవై రెండు పాటలనూ టేపు గరగరతో, కోడి కూతతో ఉన్నవి ఉన్నట్టే ఉంచి, కోసేసిన చరణాన్ని కొత్తగా పాడించి చేర్చింది. ఎర్రమ్మ పట్టుబట్టడంతో రెండు కోయ పాటలు కూడా కలిపింది. పెన్‌డ్రైవ్ అట్ట మీద ఫొటో కోసం లతీఫా పట్టుచీర తెస్తే ఎర్రమ్మ కట్టుకోలేదు. చీర మీద పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ, మిరప చేనుకు పోయే వేషంలోనే దిగింది. పైన 'కుంజా ఎర్రమ్మ పాటలు' అని వేశారు. కొందరు చూసి "మాకు భవానిదే ఇయ్యి" అని అడిగి పట్టుకుపోయారు. మోతీలాల్ లాంటివాళ్లు పాతది ఉన్నా కొత్తదీ కొన్నారు. కోయ పాటలు అర్థం కాలేదని ఫిర్యాదు చేస్తూనే వాటినీ కూనిరాగం తీయడం మొదలుపెట్టారు. తల్లాడ చేలో గణేష్ అవే వేస్తున్నాడు. నాగలక్ష్మి రెండు రోజులు ముఖం చాటేసింది. మూడో రోజు ఎర్రమ్మ పక్క చాలు పట్టుకొని, మూడో చరణం నేర్పమంది.

మార్చి నెలలో తిరుమలాయపాలెం వైపు ఒక ఊరివాళ్లు పగటిపూట సభ పెట్టి ఎర్రమ్మను పిలిచారు. చుట్టుపక్కల తండాల నుంచి కూడా జనం వచ్చారు. స్టేజీ మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద 'భవాని (ఎర్రమ్మ)' అని ఉంది. ఎర్రమ్మ స్టేజీ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"పైకి రా అమ్మా, జనం చూస్తున్నరు," అన్నాడు నిర్వాహకుడు రాంబాబు.

"గా మొదటి పేరు తీసెయ్యిండ్రి. వస్త."

"ఇప్పుడెట్ల తీస్తమమ్మా? గా పేరు చూసే గదా సగం మంది వచ్చింది!"

"వాళ్లు పాట కోసమొచ్చిండ్రు. పేరు తీసెయ్యి, లేకుంటే ఈడ మట్టిల నిలబడే పాడుత."

రాంబాబు కాసేపు బతిమాలాడు, కాసేపు విసుక్కున్నాడు. జనంలోంచి ఈలలు మొదలయ్యాయి. చివరికి ఇద్దరు నిచ్చెన వేసి ఎక్కి, తెల్ల పంచె ఒకటి తెచ్చి భవాని పేరు మీద కప్పి, మూలలు గట్టిగా కట్టారు. ఎర్రమ్మ అది సరిగ్గా కప్పిందో లేదో కింద నుంచి చూసుకుంది. చెప్పులు విడిచి మెట్లెక్కింది. తొమ్మిది పాటలు పాడి, చేలో ఆఖరి కోత మిగిలి ఉందని చెప్పి, పొద్దు ఉండగానే బస్సెక్కింది.