దూలగొండి పూసిన బుట్ట

నాకు అరవయ్యేళ్లు దాటాక అక్షరాలొచ్చాయి. అంతవరకూ ఈ కోపాన్ని నోటితోనే మోశాను. ఆ రోజుల్లో మా కొండల్లో సంతకి బయలుదేరిన సరుకంతా సంతకి చేరేది కాదు. (మీరు నవ్వుతారు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.) మేం పసుపు బుట్టలు నెత్తిన పెట్టుకుని నడిచొస్తుంటే, వాగు దాటిన మలుపులో ఒక వ్యాపారి కాసుకుని ఉండేవాడు. అడ్డసావుకారు అనేవాళ్లం. అతని చెయ్యి పడిన బుట్టని సంతలో ఇంకెవరూ అడగకూడదట. అది వ్యాపారులు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు. తవ్వింది మేం, ఉడకబెట్టి ఎండబెట్టింది మేం, కట్టుబాటు మాత్రం వాళ్లది! "నలుగురు అడిగితే ధర, ఒక్కడే అడిగితే దయ" అని అమ్మ పళ్లు కొరికేది. ఆ ఏడు చలికి అమ్మకి దగ్గు పట్టుకుంది. దుప్పటి కొనాలి. అతని దయకి దుప్పటి అంచు కూడా రాదు.

పదహారేళ్ల నాకు తెలివెక్కువ. దూలగొండి కాయలు ఆకుల్లో పట్టి కోసి, ఆ దురద నూగంతా బుట్ట మీద కప్పిన గుడ్డకి రాశాను. అమ్మా నేనూ మలుపు చేరేసరికి అతను లేచాడు.

"ఏటే గుంటా, బేగి దించు."

"దించను. సంతలోనే అమ్ముతాను."

"సెయ్యేసేను, ఇంక నాదే!" అని గుడ్డని గట్టిగా అదిమాడు. బుట్ట దించకుండానే నాలుగడుగులు వేశామో లేదో, వెనక నుంచి కేక. "ఓలమ్మో! దీన్లో ఏటెట్టేవే!"

"మా పసుపే సావుకారూ, నీకు పడనట్టుంది" అంది అమ్మ, వెనక్కి తిరగకుండా. అతను వాగులోకి దూకాడు. ఆ బుట్ట తనదని చెప్పడానికి సంతకి రానేలేదు.

సంతలో నా బుట్ట చుట్టూ ముగ్గురు చేరారు. నా పసుపుకి ముగ్గురు! ఆ సంబరంలో గుడ్డని నా చేతులతోనే విప్పాను. ఇక చూడండి నా గెంతులు! అమ్మ దురదకి విరుగుడని ఎక్కడి నుంచో పేడ తెచ్చి నా మోచేతుల దాకా పూసి, "గోక్కోకు, బేరమాడు!" అంది. ఆడాను. "ఆడు అంతిత్తానన్నాడు, నువ్వేటిత్తావు?" ముగ్గురూ ఒకరి మీద ఒకరు పెంచారు. దుప్పటి వచ్చింది. రంగు కూడా మేమే ఎంచుకున్నాం.

ఇప్పుడు ధర ఫోన్లో తెలుస్తోంది. అయినా మలుపులో జీపు అడ్డం పెట్టి, మాకే అమ్మాలనేవాళ్లు ఉన్నారు. పంట మాది, దారి అందరిదీ. ఎవరికి అమ్మాలో చెప్పడానికి మీరెవరు? ఇలా నేను అరిస్తే మనవరాలు బీపీ మాత్ర తెస్తుంది. ఆ పేడచేతుల గుంటకి భయం లేదు, తెలివీ అంతంతే. తలుచుకుంటే కోపంలోనే నవ్వొస్తుంది.

ఆ సంత మర్నాడు పొద్దున్నే ఇరుగుపొరుగు ఆడవాళ్లు తలో గుడ్డ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. వాచిన చేతులతోనే వాళ్లని దూలగొండి తుప్పల్లోకి తీసుకెళ్లాను. ఈసారి గుడ్డలు పట్టుకోడానికి పొయ్యి దగ్గరి పటకారు మరిచిపోలేదు.