నీళ్లలో నల్లమల

నిరుడు తుపాను వాన వెలిసిన మర్నాడు మావారూ నేనూ గృహప్రవేశానికని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బయలుదేరాం. దారిలో లారీలు ఆగే చోట కారు ఆపి ఆయన టీ తేవడానికి వెళ్లారు. ప్రయాణంలో ఎక్కడ ఆగినా ఫొటోలు తీయడం నాకు అలవాటు. రోడ్డు దిగువన నిండు చెరువు, అందులో తలకిందులుగా నల్లమల కొండలు. సెల్‌తో వరసగా తీస్తున్నాను.

ఇంతలో టీకొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన పరుగున వచ్చి, పంచె ఎగగట్టి ఆ నీళ్లలోకి దిగాడు. నీళ్లు మోకాళ్ల దాకానే వచ్చాయి. వంగి, మునిగిపోయిన వరి దుబ్బొకటి పీకి చేత పట్టుకుని, నా వైపు తిరిగి కదలకుండా నిలబడ్డాడు.

“ఇప్పుడు తీయండి మేడమ్. రైతు మడిలో నిలబడితేనే నష్టం రాసుకుంటారంట కదా!”

నేను చెరువనుకున్నది ఆయన పొలం.

“నేను ఆఫీసు మనిషిని కాదన్నా” అన్నాను.

“మరి ఎందుకు తీస్తాండావమ్మా?”

“చూడ్డానికి బాగుందని.”

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. “బాగుండాదా?” అని, వెనక్కి తిరిగి తన మడిని తనూ చూశాడు. మా కారు కదిలేదాకా అలాగే చూస్తున్నాడు.

ఆ ఫొటోలు నా సెల్‌లో ఇంకా ఉన్నాయి. చూసినవాళ్లంతా ఇది ఏ ఊరి చెరువని అడుగుతారు. వరిమడి అని చెబుతాను. ఆ తర్వాత బాగుందని ఎవరూ అనరు.