రెండు సీట్ల కారు, రెండు జబ్బులు

2023 ఎండాకాలం. వరంగల్‌లోని నా మెకానిక్ షెడ్డుకు ట్రాలీ ఆటో వెనక తాడు కట్టుకుని ఒక ఎర్ర కారు వచ్చింది. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలకు ఆనినట్టుండే పాతకాలపు విదేశీ స్పోర్ట్స్ కారు. స్టీరింగ్ దగ్గర సునీత. హన్మకొండలో బట్టల దుకాణం నడిపే ఆమెకు అది తండ్రి మిగిల్చిపోయిన కారు.

"రెండో గేరు వేస్తే కర్రుమంటాంది అన్నా. ఊరు దాటినంక ఎక్కడో ఓ కాడ ఆగిపోతాంది. నాన్నతోనే దీని పని అయిపోయిందని మా తమ్ముడు అమ్మకానికి పెట్టిండు. ఆదివారం హైదరాబాద్ నుంచి కొనేటోళ్లు వస్తాండ్లు. ఆగకుండ నడిస్తే మాత్రం అమ్మనియ్య," అంది.

ఆ మాటతో నాకూ పంతం పుట్టింది.

గేర్‌బాక్సు సంగతి తొందరగానే తేలింది. అడుగు బోల్టు విప్పితే బెల్లం పాకంలా చిక్కటి నూనె కారింది. లోపల సింక్రోమెష్ అని ఇత్తడి రింగులుంటాయి. గేరు పడేముందు లోపలి పళ్లచక్రాల వేగాన్ని కలిపేవి అవే. ఈ కారు గేర్‌బాక్సులో పోయాల్సింది ఇంజన్ ఆయిల్. గేర్‌బాక్సు కదా అని ఎవరో గేర్ ఆయిల్ పోసి పుణ్యం కట్టుకున్నారు. ఆ చిక్కదనానికి రింగులు పట్టు దొరక్క జారుతున్నాయి. కడిగి సరైనది పోశాక రెండో గేరు మెత్తగా పడింది.

నన్ను ఏడిపించింది పెట్రోల్. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకిచ్చే కార్బురేటర్‌ను విప్పి కడిగాను. ఫిల్టర్ మార్చాను. పంపు కొత్తది వేశాను. షెడ్డులో బుద్ధిగా నడిచేది, రోడ్డెక్కితే మొండికేసేది. నా మీద నాకే ఒళ్లు మండింది. శనివారం పొద్దున్నే సునీతను పక్కన కూర్చోబెట్టుకుని స్టేషన్ ఘన్‌పూర్ వైపు బయల్దేరాను. ఆగేదేదో నా కళ్లముందే ఆగాలి!

ఆగింది. పెట్రోల్ ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పితే ఉస్సుమని గాలి లోపలికి పోయింది. కీ తిప్పగానే ఇంజన్ అందుకుంది. మూత బిగించి నడిపితే కాసేపటికి మళ్లీ ఆగింది, తీస్తే మళ్లీ నడిచింది. పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి పోవడానికి ఆ మూతకు వెంట్ అని సన్నని రంధ్రం ఉంటుంది. అది గట్టిపడిన పసుపు కుంకుమలతో పూడుకుపోయింది. లోపలికి గాలి అందక, పెట్రోల్ ఇంజను దాకా రావడం లేదు.

"చెల్లె, ఇక్కడ బొట్టు ఎవరు పెట్టిండ్లు?"

ఆమె ముఖం పాలిపోయింది. "దసరాకు నాన్న బానెట్‌కు పెడుతుండె. ఆయన పోయినంక నేనే పెడతాన్న. పెట్రోలే గదా దానికి అన్నం, అందుకని మూతకు మెత్తిన. దీని గొంతు పిసికింది నేనేనా అన్నా?" అని ఏడ్చేసింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బొట్టుది తప్పు లేదు చెల్లె. జర జాగ మారింది, అంతే," అని సూదితో రంధ్రం శుభ్రం చేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. జనగామ దాకా పోయి, ఎక్కడా ఆగకుండా హన్మకొండ చేరాం. దారి పొడుగునా స్టీరింగ్ ఆమె వదల్లేదు. ఇంటి ముందున్న తమ్ముడితో కారు దిగకుండానే అంది: "రేపు వచ్చేటోళ్లకు ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు."

అప్పటినుంచి ఏ బండి వచ్చినా, దసరాకు పసుపు ఎక్కడ పెడతారని కూడా అడుగుతున్నాను. షెడ్డులో వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ప్రాణంగా చూసుకునేవాళ్ల బండి అయితే, వాళ్ల చెయ్యి ఎక్కువగా ఎక్కడ పడిందో అక్కడినుంచే విప్పడం మొదలుపెడతాను.